మనుషుల్లేని హైవే

చిట్యాల,
20 జనవరి 2023

పరమేశూ,

నువ్వు పంపిన కంప్యూటరు, ఆట స్టీరింగు, కాళ్ల కింద పెట్టే పెడల్సు అన్నీ భద్రంగా చేరాయి. మీ బావ తోటి డ్రైవరు పర్వతాలన్న తన బస్సు డిక్కీలో వేసుకొచ్చి, ఇంటి దాకా ఆటోలో తెచ్చి దింపి పోయాడు. మా అత్త నర్సింగమ్మ చూసి, "డ్యూటీకి పోనోనికి బస్సే ఇంట్లకు అచ్చిందా?" అంది. నాకు నవ్వొచ్చింది. మీ బావ నవ్వలేదు.

ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఇప్పుడు ఫోను లేదు. ఆ రోజు తర్వాత ఎవరెవరో నంబరు పట్టుకుని తిట్టడం మొదలుపెట్టారు. మోగితే చాలు, మీ బావ వణికిపోయేవాడు. మొన్న రెండు ఫోన్లూ తీసుకెళ్లి బావిలో వేసి వచ్చాడు. పర్వతాలన్న ఇంటికి పోయి మాట్లాడదామంటే వాళ్లింటి నిండా చెవులే. ఆయన డ్యూటీ రోజు విడిచి రోజు మీ మహబూబ్‌నగర్‌కే కాబట్టి, ఈ ఉత్తరాలు ఆయనే మోస్తానన్నాడు.

నువ్వప్పుడు బెంగళూరులో ఉన్నావు, నీకు పైపైనే తెలుసు. నవంబరులో ఒకరోజు పొద్దున, మంచు ఇంకా విడవకముందు, పత్తి ఏరడానికి పోతున్న బిక్షమ్మ అనే ఆమె మీ బావ బస్సు తగిలి చనిపోయింది. పోలీసులు, డిపో వాళ్లు విచారించి డ్రైవరు తప్పు లేదని రాశారు. మీ బావ ఒక్కడే ఒప్పుకోవడం లేదు. ఆనాటి నుంచి స్టీరింగు ముట్టలేదు. మోటరుసైకిలును కూడా నెట్టుకుంటూ పోతాడు, ఎక్కడు. మార్చి ఆరున డిపోలో మళ్లీ డ్రైవింగు పరీక్ష పెడతారట. తప్పినా పర్వాలేదు, ఇంకోసారి పెడతారు. అసలు పోకపోతే మాత్రం ఇక ఎప్పటికీ షెడ్డులో బస్సులు కడిగే పనే. కడగడం తప్పని నేననను. కానీ స్టీరింగు లేని మీ బావ నాకు ఎవరో పరాయి మనిషిలా ఉన్నాడు తమ్ముడూ. నాకు భయంగా ఉంది.

నీ మాట మీద నిన్న కూర్చోబెట్టాను. ఆటలో అన్నీ విదేశపు రోడ్లు, బండ్లన్నీ కుడివైపు పోతున్నాయి. "గిది మన దిక్కు తొవ్వ గాదు" అని లేచి పోయాడు. ఏం చేయాలో రాయి.

నీ అక్క
నాగరాణి

మహబూబ్‌నగర్,
24 జనవరి 2023

అక్కా,

బావ లేచిపోయాడంటే మంచి గుర్తే. రోడ్డు నచ్చలేదన్నాడు గానీ బండి వద్దనలేదు కదా.

ఆ ఆట తయారుచేసిన వాళ్లు ఇచ్చింది విదేశపు రోడ్లే. కానీ ఆడేవాళ్లు తమకు కావలసినవి సొంతంగా చేసుకుని అందులో కలుపుకుంటారు. వాటిని మాడ్స్ అంటారు. మన కుర్రాళ్లు మన బస్సులు చేశారు, మన రోడ్లు చేశారు. ఎవరో ఓపికమంతుడు హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మొత్తం చేసి పెట్టాడు. టోల్‌గేటు, దాబాలు, చిట్యాల ఫ్లైఓవరుతో సహా! బావకు సొంత రోడ్డు చూస్తే ప్రాణం లేచి వస్తుంది.

నా కంప్యూటరు షాపులో ఉన్న మాడ్లన్నీ ఈ పెన్‌డ్రైవులో వేశాను. నీ వంట అలవాటు నాకు తెలుసు, ఉన్నవన్నీ ఒకేసారి గిన్నెలో పోస్తావు. ఇక్కడ అట్లా చేస్తే ఆట తెరుచుకోదు. ముందు, ఇప్పుడున్న సేవ్ ఫైలుకు ఒక నకలు తీసి వేరేగా పెట్టు. మాడ్స్ అనే ఫోల్డరులో ఒక్కొక్క ఫైలే వేసి, ఆట తెరిచి, పేరు పక్కన టిక్కు పెట్టి, నడుస్తోందో లేదో చూసి, అప్పుడు రెండోది. మొదట ఎడమవైపు ట్రాఫిక్కు. తర్వాత బస్సు. చివరికి హైవే.

ఇంకో మాట, ఇది మాత్రం చెవిలో పెట్టుకో. అందులో రోడ్డు దాటే మనుషుల మాడ్ ఒకటి ఉంది, మంచు మాడ్ ఒకటి ఉంది. వాటి జోలికి పోకు. బావకు చేయి తిరిగాక చూద్దాం. ఇప్పటికి హైవే మీద ఒక్క మనిషి కూడా ఉండకూడదు.

అత్తమ్మను అడిగానని చెప్పు. బస్సు ఇంట్లోకే వచ్చింది కాబట్టి టికెట్టు తీసుకోమను.

నీ తమ్ముడు
పరమేశ్

చిట్యాల,
2 ఫిబ్రవరి 2023

పరమేశూ,

నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కటీ వేశాను. హైవే వేసినప్పుడు తెర మొత్తం నల్లగా అయింది. చూస్తే మాడ్ల జాబితాలో రెండు వరుసలు కిందామీదా అయ్యాయి. రోడ్డును కిందికి దించి బస్సును పైకి జరిపితే తెరుచుకుంది. ఇంటరు తప్పిన నీ అక్క ఇది చేసిందని ఎవరికైనా చెప్పు, నమ్మరు.

మొదటిరోజు మీ బావ తెర ముందుకు వచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు. "అద్దం గింత చిన్నగుంటదా?" అన్నాడు. రెండోరోజు కూర్చున్నాడు. టోల్‌గేటు దాకా పోయి వచ్చాడు. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

కానీ ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. నాలుగు రోజులుగా ఆయన ఎక్కడికీ పోవడం లేదు. చిట్యాల దాటి కొంతదూరం పోతాడు, మళ్లీ వెనక్కి తిప్పుతాడు, మళ్లీ పోతాడు. అదే ముక్క. నిన్న చాయ్ ఇవ్వడానికి పోతే తెర మీద తెల్లగా మంచు. మంచులో ఒక ఆడమనిషి నెత్తి మీద బట్ట కప్పుకుని రోడ్డు దాటుతోంది.

మనుషులు వద్దని రాసింది నువ్వే. మరి ఎందుకు పెట్టి పంపావు? బస్సు ఫైలులోనే కలిపి పంపావా? నువ్వు ఆటలు ఆడుకునే పిల్లవాడివి కావచ్చు, ఇది మా బతుకు. నీకు ఎంత సరదా అయితే మాత్రం ఆయన ముందుకు ఒక ఆడమనిషిని నడిపిస్తావా?

నాగరాణి

మహబూబ్‌నగర్,
5 ఫిబ్రవరి 2023

అక్కా,

నీ ఉత్తరం చదివి షాపు షట్టరు సగం దించి కూర్చున్నాను. నేను ఏ ఫైలులోనూ ఏదీ కలపలేదు. టిక్కు పెడితే తప్ప మనుషులు రారు. అది పెట్టింది నువ్వే అయి ఉండాలి. చెప్పిన మాట వినే అలవాటు నీకు ఎన్నడూ లేదు, నాన్నతో కూడా ఇదే గొడవ. తప్పు జరిగితే జరిగింది, దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టకు.

కోపంలో రాశాను, కొట్టేయను, ఉండనీ. ముందు ఆ రెండింటి టిక్కులు తీసెయ్.

ఒకటి అడుగుతాను, నిజం రాయి. ప్రమాదం ఎక్కడ జరిగింది? సూర్యాపేట అవతల ఎక్కడో అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. చిట్యాల పక్కనే అయితే, ఆ రోడ్డు బావ ముందు పరిచింది నేనే కదా? నాకెందుకు చెప్పలేదు?

పరమేశ్

చిట్యాల,
9 ఫిబ్రవరి 2023

తమ్ముడూ,

నిన్ను అనరాని మాట అన్నాను. నువ్వూ అన్నావు, సరికి సరి.

టిక్కు పెట్టింది నేను కాదు, మీ బావ. నేను ఒక్కొక్క ఫైలూ వేస్తుంటే వెనక నిలబడి చూసి నేర్చుకున్నాడు. నేను చేనుకు పోయిన పూట పెన్‌డ్రైవు తెరిచి, మంచు ఏదో మనుషులు ఏదో వెతికి ఏరుకున్నాడు. మన రోడ్డు చూస్తే ప్రాణం లేచి వస్తుందని నువ్వనుకున్నావు. ఆయనకు కావలసింది ఆ రోడ్డే, కానీ ఎందుకో మనిద్దరికీ తెలియలేదు.

జరిగింది ఇక్కడే, పిట్టలగూడెం క్రాసింగు దగ్గర. మా ఇంటి నుంచి హారను వినబడేంత దూరం. పేరు రాయడానికి ఇప్పటిదాకా చెయ్యి రాలేదు.

నిన్న పక్కన కూర్చుని నిదానంగా అడిగితే చెప్పాడు. క్రాసింగుకు ముందు పసుపు బోర్డు ఒకటి ఉంటుంది. ఆ రోజు బోర్డు దగ్గరికి రాగానే బిక్షమ్మ కనిపించిందట. బ్రేకు తొక్కాడు, బస్సు ఆగలేదు. బోర్డు దగ్గరే తొక్కాడా, ఒక్క క్షణం ఆలస్యం చేశాడా అన్నది ఆయనకే తెలియడం లేదు. సకాలంలో తొక్కితే ఆగేదా? ఆయనను తినేస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే. అందుకే అదే బస్సు, అదే రోడ్డు, అదే మంచు పెట్టుకుని, ఎవరైనా ఆడమనిషి దాటే దాకా తిరుగుతున్నాడు. దాటితే బోర్డు దగ్గర బ్రేకు తొక్కుతాడు.

ఆగుతోంది తమ్ముడూ. ప్రతిసారీ ఆగుతోంది. ఆమె నిదానంగా అవతలికి పోతోంది.

"ఆగుతాంది నాగరాణీ, సూడు. నేను ఆపగలిగేటోణ్ణే. ఆ దినం నేనే ఆపలే" అన్నాడు. గొంతులో ఏడుపు కూడా లేదు. డిపోకు పోయి తప్పు నాదేనని రాసిస్తాడట. పరీక్షకు పోనంటున్నాడు. అన్నం ముట్టడం లేదు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటోంది. ఏమైనా చేసుకుంటాడేమోనని నేను బావి వైపు కన్నేసి ఉంటున్నాను. కంప్యూటరు పగలగొడదామని చేయి లేపాను. పగలగొడితే ఆ ఆగిన బస్సు ఆయన తలలో అట్లాగే ఉండిపోతుంది కదా!

తొందరగా రాయి.

నాగరాణి

మహబూబ్‌నగర్,
12 ఫిబ్రవరి 2023

అక్కా,

పర్వతాలన్నను బస్టాండులో నిలబెట్టి రాస్తున్నాను. అక్షరాలు బాగుండవు.

ఆ బస్సు ఆగడం గీగడం అంతా ఉత్తదే. ఆ మాడ్ చేసింది నల్గొండ కుర్రాడెవరో. అతడు బస్సును ఎన్నడూ నడిపి ఉండడు. బస్సు ఫైలు తెరిస్తే లోపల బ్రేకు బలం అని ఒక గడి ఉంటుంది, దానికి ఎదురుగా ఒక అంకె. ఆడేవాళ్లకు సుఖంగా ఉండాలని పెద్ద అంకె వేశాడు. పైగా ఆ బస్సులో జనం బరువు లేదు. అట్లాంటి బండి ఆగక ఏం చేస్తుంది? బావ దాన్ని పట్టుకుని తనకు శిక్ష వేసుకుంటున్నాడు.

నేను ఆ అంకె మార్చాను. ఈ కవరులోని పెన్‌డ్రైవులో కొత్త బస్సు ఫైలు ఉంది. పేరు పాతదే. పాతదాని మీద వేసెయ్, ఆయన గుర్తుపట్టడు. దీంతో బోర్డు దగ్గర ఎంత తొక్కినా క్రాసింగుకు ముందు ఆగదు. ఆగదని తనే కళ్లారా చూస్తే తప్పు తనది కాదని నమ్ముతాడు.

నిజమైన అంకె ఎంత అని అడగకు. నాకు తెలియదు. ఆగకుండా ఉండేంత వేశాను. మనిషి బతికితే చాలు, నిజం తర్వాత చూసుకుందాం. బావకు మాత్రం చెప్పకు.

పరమేశ్

చిట్యాల,
17 ఫిబ్రవరి 2023

పరమేశూ,

మీ బావ నీ దగ్గరికి వచ్చాడా? వస్తే పర్వతాలన్నతో వెంటనే కబురు పంపు. మిగతాది తర్వాత చదువు. నీ నంబరు ఫోనుతోపాటే బావిలో పోయింది, లేకపోతే ఎవరి ఫోనైనా అడిగి చేసేదాన్ని.

నిన్న ఆయన స్నానానికి పోయినప్పుడు నువ్వు పంపిన ఫైలు వేశాను. మనం ఏమనుకున్నాం? ఆగకపోతే ఆయనకు శాంతి అనుకున్నాం. నువ్వూ నేనూ ఇద్దరం చూసుకోనిది ఒకటుంది. ఆగకపోతే ఏమవుతుంది? ఆమె చచ్చిపోతుంది. బోర్డు దగ్గర తొక్కాడు, ఆగలేదు, తగిలింది. వెనక్కి తిప్పి మళ్లీ పోయాడు, మళ్లీ తగిలింది. మధ్యాహ్నం దాకా అదే. స్టీరింగు వదలడు, లేవడు. అత్త చూసి, "వద్దు బిడ్డా, జర లే బిడ్డా" అని కాళ్లు పట్టుకుంది, తల్లి కొడుకు కాళ్లు పట్టుకుంది! నేను ఓర్చుకోలేక వైరు పీకేశాను. పీకి, చెప్పేశాను. అది పరమేశు వేసిన అంకె, బస్సు కాదు, ఏదీ నిజం కాదు అని అరిచాను.

ఆయన స్టీరింగు మీంచి చేతులు తీశాడు. "ఆగిందీ అబద్ధమే, ఆగందీ అబద్ధమే. మీ అక్కాతమ్ముండ్లు కలిసి నా బ్రేకుల తోటి ఆడుకున్నరా?" అన్నాడు. "మరి నిజం ఎవనికి ఎరుక?" అన్నాడు.

ఇవాళ పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. బావి దగ్గరికి పరుగెత్తాను. లోపలికి తొంగిచూడడానికి ఎంత ధైర్యం కావాలో నీకు చెప్పలేను. నీళ్లు కదలకుండా ఉన్నాయి. పిట్టలగూడెం క్రాసింగు దాకా నడిచి వచ్చాను. అక్కడా లేడు. పర్వతాలన్న బండి కదులుతోంది. ఇచ్చేస్తున్నాను.

నాగరాణి

మహబూబ్‌నగర్,
17 ఫిబ్రవరి 2023

అక్కా,

బావ ఇక్కడికి రాలేదు. బస్టాండు మొత్తం చూశాను, రైల్వే స్టేషను చూశాను. ఆత్మకూర్‌లో మన మేనమామ పెద్దులుకు ఫోను చేశాను, అక్కడికీ రాలేదన్నాడు. పర్వతాలన్న తిరుగు బస్సులోనే ఈ చీటీ పంపిస్తున్నాను. రేపు పొద్దున మొదటి బస్సుకు నేను వస్తున్నాను.

అంకె మార్చడం నాకు చాలా తేలికైన పని అక్కా. ఎడమచేత్తో చేసేశాను. బావకు ఏమైనా అయితే నేను ఎట్లా బతకాలి? నీ మొహం ఎట్లా చూడాలి?

నువ్వు బావి దగ్గరికి ఒక్కదానివే పోకు. ఇంటి పక్కవాళ్లను పిలుచుకుని పో.

పరమేశ్

చిట్యాల,
18 ఫిబ్రవరి 2023

తమ్ముడూ,

ఈ చీటీ మన పక్కింటి నర్సింహులు కొడుకు మొదటి బస్సు డ్రైవరుకు ఇస్తానన్నాడు. నువ్వు బయలుదేరినా దారిలోనైనా అందాలని దండం పెట్టుకుంటున్నాను. మీ బావ ఉన్నాడు. నిన్న పొద్దుగూకే వేళకు నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. కంగారు పడకుండా నిదానంగా రా.

నిన్న తెల్లవారక ముందే లేచి డిపోకు పోయాడట. పరీక్ష ఇవాళే పెట్టండి అని ఇన్‌స్ట్రక్టరును పట్టుకుని బతిమాలాడట. ఆయన మొదట కుదరదన్నాడు, తర్వాత మీ బావ మొహం చూసి ఖాళీ బస్సొకటి తీయించి పక్కన కూర్చున్నాడు. మీ బావ ఇన్ని నెలల తర్వాత స్టీరింగు పట్టుకుని హైవే ఎక్కాడు. గేరు మార్చింది, అద్దం చూసింది ఏదీ తప్పలేదట.

పిట్టలగూడెం క్రాసింగు వచ్చింది. వెనక బండి లేదని, రోడ్డు మీద మనిషి లేడని చూసుకున్నాడు. ఆ రోజు ఎంత వేగమో అంతే వేగం. పసుపు బోర్డు దగ్గర, ఎంత బలముంటే అంత బలంగా బ్రేకు తొక్కాడు. ఇన్‌స్ట్రక్టరు నెత్తి పోయి అద్దానికి తగిలింది.

బిక్షమ్మ పడిన చోట వాళ్లవాళ్లు రోడ్డు పక్కన రెండు ఇటుకలు నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టారు. బస్సు ఆ ఇటుకలు దాటి ముందుకు పోయి ఆగింది.

మీ బావ దిగి, ఇటుకల నుంచి ముందు చక్రం దాకా అడుగులు వేసుకుంటూ నడిచాడట. ఇన్‌స్ట్రక్టరు దిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత ఇటుకలు చూసి ఊరుకున్నాడు. వాపసు బస్సు ఇన్‌స్ట్రక్టరే నడిపాడు. కాగితం మీద మాత్రం పరీక్ష తప్పినట్టే రాశాడు. ఊరికే సడెన్ బ్రేకు కొట్టినవాణ్ణి ఎట్లా పాసు చేస్తాడు? ఏప్రిల్‌లో మళ్లీ రమ్మన్నాడు. మీ బావ పోతానన్నాడు.

ఇంటికి వచ్చి గడపలోనే కూర్చుండిపోయాడు. "ఆగలే నాగరాణీ. వట్టి బస్సే ఆగలే. జనం తోటి ఇంకేం ఆగుతది" అన్నాడు. గండం గడిచిందని నేను దేవుడికి దండం పెట్టబోయాను. అప్పుడు ఏడవడం మొదలుపెట్టాడు తమ్ముడూ. అట్లాంటి ఏడుపు నేను ఎన్నడూ వినలేదు. తప్పు తనది కాదని తేలింది కదా, ఇంకెందుకని అడిగాను.

"ఆమె సచ్చిపోయింది గదనే" అన్నాడు.

ఇన్ని నెలలూ ఆయన ఆలోచించింది తన కాలు గురించి, తన బ్రేకు గురించి. నేను ఆలోచించింది ఆయన గురించి. నువ్వు ఆలోచించింది ఆ అంకె గురించి. నిన్న సాయంత్రం ఆ గడపలో కూర్చుని మొదటిసారి ఆయన బిక్షమ్మ కోసం ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను, ఆయన కోసం కాదు.

తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "ఆమెకు పిల్లలెందరు?" అని అడిగాడు. నాకు తెలియదు. అత్తకూ తెలియదు. ఆమె ఊరు ఇక్కడికి ఆటో దూరమే.

రేపు ఆదివారం వాళ్లింటికి పోతున్నాం. నువ్వూ వస్తున్నావు కాబట్టి చెబుతున్నాను, అక్కడ తలుపు తీస్తారో లేదో తెలియదు. తీయకపోతే బయటే కూర్చుందామన్నాడు మీ బావ.

నీ అక్క
నాగరాణి